నా చేతిలో పలక

డబ్బో ఊరి బయట, హైవే పనుల దగ్గర
పొద్దున ఆరింటికే నా చేతికో పలక.
ఒక పక్క ఎర్రగా స్టాప్,
తిప్పితే పసుప్పచ్చగా స్లో.
గోధుమలు నింపుకున్న నలభై టన్నుల లారీ
పిల్లిలా వచ్చి నా బూట్ల ముందు కూర్చుంటుంది.

సాయంత్రం లైబ్రరీ వెనక గదిలో
తెల్లటి పలక, దాని పక్కన గ్లెనిస్ మేడం.
నామవాచకాన్ని అంటిపెట్టుకుంటే విశేషణం,
క్రియ వెంట నడిస్తే క్రియా విశేషణం,
దానికి లీ అని ఒక తోక ఉంటుంది, అంది.
కారు స్లో. కారు వెళ్ళేది మాత్రం స్లోలీ.

ఓస్, ఇంతేనా అనుకున్నాను.
మాకు గా ఉంది కదా.
మెల్లని గాలి, మెల్లగా వీచింది.
ఒక్క అక్షరం, ఒత్తు కూడా లేదు.

చెయ్యెత్తాను.
మరి మేడం, నా పలక మీద ఆ తోక లేదే?
ఇన్నాళ్ళూ ఎండలో
తప్పుని కర్రకి కట్టి పట్టుకున్నానా?

నేపాలీ కుర్రాడు ప్రబీణ్ బల్ల మీద తల వాల్చి నవ్వాడు.
మేడం కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడిచి,
స్లో ఒక్కోసారి తోక ఇంట్లో వదిలేసి వస్తుందిలే అంది.
ఫాస్ట్‌కి అసలు తోకే మొలవలేదట.
హార్డ్‌కి తగిలిస్తే మాత్రం
తేలైపోతుందట.

ఆ తేలు నన్ను అప్పటికే కుట్టింది.
సూపర్‌వైజర్ ఉద్యోగానికి పెట్టుకున్న అర్జీలో
నేను హార్డ్‌లీ పనిచేస్తాను అని రాశాను.
పేరు చివర గారు చేర్చినట్టు
మర్యాదగా ఉంటుందని చేర్చాను.
అర్థమేమో, పని చేసిందే తక్కువ అని!
నలభై రెండు డిగ్రీల ఎండ,
మూతి మీద ఈగలు,
కరిగిన తారు అంటుకున్న మడమలు,
అన్నీ ఆ రెండక్షరాల కింద చెరిగిపోయాయి.
అది చదివిన డారిల్
పాపం, నిజం చెప్పే మనిషి అనుకునుంటాడు.

తర్వాతి వారం పోలికలు.
పొట్టి మాటలు ఒంట్లోనే ఎదుగుతాయి:
హాట్, హాటర్, హాటెస్ట్.
పొడుగు మాటలకి ఒళ్ళు వంగదు,
ముందు మోర్ అనే కూలీ నడవాలి.
గుడ్ గదిలోకి వెళ్ళి
బెటర్ అనే వేరే మనిషై తిరిగొస్తుంది.
దానికీ కూలీని పెట్టి మోర్ బెటర్ అన్నాను,
పెన్ను మూత టక్కుమంది.

మా మాటలు ఎదగవు మేడం.
పెద్ద ఎప్పుడూ పెద్దే.
పక్కన ఇంకొకటి తెచ్చి నిలబెట్టి
దానికంటే అంటాం.
దేనికంటే, ఎవరికంటే అని
మనసులోనైనా ఒకరిని తలచుకోకుండా
నోట పోలిక రాదు.
మీరు ఉత్తి బెటర్ అనేసి
సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోగలరు.
ఇంటికి నడుస్తూ దాని గురించే ఆలోచించాను.
అసూయో, జాలో తేలలేదు.

ఇవాళ డారిల్ యూట్ ఆపి అద్దం దించాడు.
హౌ యూ గోయింగ్, టిప్పీ?
తిరుపతమ్మ వాడి నోట్లో అంతవరకే పడుతుంది.
క్రియని అడిగాడు కాబట్టి
జాగ్రత్తగా వెతికి, వెల్ అన్నాను.
గుడ్ అనాలమ్మా, అని దిద్దాడు.
కొత్త అర్జీ చేతికిచ్చాను.
ఈసారి హార్డ్ ఒంటరిగానే ఉంది.

దూరాన దుమ్ము లేచింది, పశువుల లారీ.
పలక తిప్పాను.
విశేషణమో, క్రియా విశేషణమో
డ్రైవర్ అడగలేదు.
స్టీరింగ్ మీంచి ఒక్క వేలెత్తి పలకరించి
మెల్లగా వెళ్ళాడు,
నిన్నటివాడికంటే.